న్యూజెర్సీ తల్లి వాంగ్మూలం

ఆవిడ మొదటిసారి నా కోసం మా టైపింగ్ సెంటర్‌కి వచ్చింది రెండు వేల ఇరవై ఒకటి జూన్‌లో. మధ్యాహ్నం ఒంటిగంటకి షట్టర్ సగం దించి, డబ్బా తెరిచి పెరుగన్నం కలుపుకుంటున్నాను. షట్టర్ కింద నుంచి ముందు చేతికర్ర, తర్వాత తెల్ల కాన్వాసు బూట్లు కనిపించాయి. నాలుగింటికి రమ్మని ఇంగ్లీషులో చెప్పాను.

"నాలుగింటికి జనం ఉంటారు. నా పని జనంలో అయ్యేది కాదు," అంటూ ఆవిడ వంగి లోపలికి వచ్చేసింది.

అరవై ఐదేళ్లుంటాయి. నల్లజాతి అమెరికన్. తెల్లబడిన జుట్టు మగవాళ్ల క్రాపులా కత్తిరించుకుంది. ఇక్కడే, దుబాయ్‌కి దగ్గరున్న రాస్ అల్ ఖైమాలోనే, ఒక స్కూల్లో పదకొండేళ్లు చరిత్ర పాఠాలు చెప్పిందట. చూపు పాడవడంతో ఆ ఏడాదే మానేసింది. మాస్కుతోనే, నన్ను చూడనట్టు తల పక్కకి తిప్పింది. తర్వాత అర్థమైంది, అలాగే చూస్తోందని. ఆవిడకి ఎదురుగా ఉన్నది కనబడదు, పక్కన ఉన్నదే కనబడుతుంది.

"అద్దం మధ్యలో ఎవరో బొటనవేలు అద్దినట్టుంటుంది. ఎటు చూస్తే అటు ఆ మరకే," అని చెప్పింది.

బల్ల మీద ఒక గోధుమరంగు ఫోల్డరు పెట్టింది. అందులో చేతిరాత కాగితాల జిరాక్సులు. ఆవిడ పూర్వీకులవి. రెండు వందల ఏళ్ల నాటివి. వాటిని టైపు చేయించి, మనవలకి చిన్న పుస్తకంగా ఇవ్వాలని ఆవిడ కోరిక. స్కూలు కుర్రాళ్లని అడిగితే రెండు పేజీలు చేసి వదిలేశారట. అంతకు ముందోసారి మా సెంటర్‌కి ఫొటోస్టాటు కోసం వచ్చినప్పుడు నేను తల ఎత్తకుండా గంటసేపు టైపు చెయ్యడం విన్నదట. చూశానని అనలేదు, విన్నానంది.

"నువ్వు టైపు చేస్తుంటే వాన ఆగకుండా పడుతున్నట్టుంది. ఎక్కడా ఆగవేం?"

మధ్యాహ్నాలు రమ్మన్నాను.

టైపింగ్ సెంటరంటే ఒకటే గది, మూడు కంప్యూటర్లు, జిరాక్సు మిషను. వీసా పెట్టాలన్నా, వీసా తియ్యాలన్నా, పుట్టిన బిడ్డని నమోదు చెయ్యాలన్నా, చచ్చిపోయినవాళ్ల పేరు కొట్టెయ్యాలన్నా, ఈ దేశంలో మనిషికి ఏది జరిగినా ముందు మాలాంటి వాళ్ల దగ్గర టైపవ్వాలి. అంతకు ముందు ఏడాది కరోనా వేసవిలో మా ఆయన పోయాడు. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో అకౌంట్సు చూసేవాడు. అంబులెన్సు తలుపు వేస్తుంటే నేను బాల్కనీలో నుంచున్నాను, కిందికి రానివ్వలేదు. పదకొండో రోజున ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. తర్వాత ఆయన వీసా క్యాన్సిల్ చెయ్యాలి. మా ముదీర్, అంటే మేనేజరు, మలయాళీ, మంచివాడే. "నువ్వు ఇంటికి పో, నేను టైపు చేస్తా," అన్నాడు. కానీ పాస్‌పోర్టు నంబరు తప్పు కొట్టాడు. నేనే కూర్చుని సరిచేశాను. కారణం అన్న చోట ఒక జాబితా తెరుచుకుంటుంది. అందులోంచి మరణం అన్నది ఎంచుకున్నాను. నా వేళ్లు వణకలేదు. అది నాకే వింతగా అనిపించింది.

కాకినాడ నుంచి అమ్మా, అక్కా రోజూ ఫోను చేసేవాళ్లు, వచ్చెయ్యమని. వెళ్తే అందరూ నన్ను పట్టుకుని ఏడుస్తారు. నాకు ఏడుపు రావడం లేదని వాళ్లకి తెలిసిపోతుంది. ఆ ఒక్క కారణంతో ఉండిపోయాను. నా వీసా మా ఆయన వీసా మీదే ఉండేది, ముదీర్ దాన్ని సెంటర్ పేరు మీద వేయించాడు.

ఇదంతా నేను టీచరుకి చెప్పలేదు. ఆవిడ అడగలేదు.

మొదటి కాగితం చాలా చిన్నది. న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక జిల్లా గుమాస్తా రిజిస్టరులో ఒక పేజీ. ఫలానా ఊరి ఫలానా రైతు తన దగ్గరున్న నీగ్రో స్త్రీకి ఆడపిల్ల పుట్టిందని ధ్రువీకరిస్తున్నాడు. తల్లికీ బిడ్డకీ ఒక్కో పేరే ఉంది, ఇంటిపేరు లేదు. ఆ పేర్లు ఆవిడ కుటుంబానివి కాబట్టి ఇక్కడ రాయను.

"బానిసకి బిడ్డ పుడితే గవర్నమెంటులో ఎందుకు రాయించాడు?" అని అడిగాను. ఊరికే అడిగాను. కథ కావాలని కాదు, ఆ శీర్షిక ఎలా పెట్టాలో తెలియక.

టీచరు కుర్చీలో వెనక్కి వాలింది. పాఠం చెప్పేవాళ్ల గొంతు వచ్చింది.

"స్వతంత్రం వచ్చింది, మనుషులంతా సమానమే అని రాసుకున్నారు. రాసుకున్నాక కూడా బానిసలు బానిసలుగానే ఉన్నారు. న్యూజెర్సీ వాళ్లకి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది ఒక చట్టం చెయ్యడానికి. ఫలానా జూలై నాలుగు తర్వాత బానిసలకి పుట్టిన పిల్లలు స్వేచ్ఛగా పుట్టినట్టు లెక్క అన్నారు. అయితే ఆడపిల్ల ఇరవై ఒకటి, మగపిల్లాడు ఇరవై ఐదు నిండేదాకా తల్లి యజమాని దగ్గరే పని చెయ్యాలి. ఆ పని తనకి రావాలంటే యజమాని బిడ్డ పుట్టుక రాయించుకోవాలి. అందుకు రాయించాడు."

"మరి తల్లి?"

"తల్లి గురించి చట్టం ఏమీ అనలేదు. తల్లి బానిసే."

ఆ పేజీ టైపు చెయ్యడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆ రోజుల రాతలో రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది ఎఫ్‌లా ఉంటుంది. నేను చదివిన మాటలు విని ఆవిడ నవ్వేది. తర్వాత నేనే సర్దుకున్నాను. జూలై, ఆగస్టు అలా గడిచాయి. బయట రోడ్డు మీద మనిషి కనబడని ఎండ. ఆవిడ టాక్సీలో వచ్చేది, ఒక్కోసారి ఖర్జూరాలు తెచ్చేది. నేను చదువుతూ టైపు చేస్తే ఆవిడ కళ్లు మూసుకుని వినేది. నేను చదివేదాంట్లో ఏముందో నాకు పట్టేది కాదు. అక్షరాలు కష్టంగా ఉన్నాయనో, ఇంకు వెలిసిపోయిందనో, అంతే.

రెండో కాగితం పిల్లకి పదమూడేళ్లప్పటిది. అప్పటికి దక్షిణాన లూసియానాలో చెరకు తోటలకి మనుషులు కావాలి. ఉత్తరాన బానిసత్వం సన్నగిల్లుతోంది. కాబట్టి కొందరు యజమానులు తమ దగ్గరున్నవాళ్లని ఓడ ఎక్కించి దక్షిణానికి పంపించేస్తున్నారు. అక్కడికి వెళ్తే ఇరవై ఒకటి నిండినా ఎవరూ వదలరు. ఎవరినీ వాళ్ల ఇష్టం లేకుండా రాష్ట్రం దాటించకూడదని న్యూజెర్సీలో చట్టముంది. జడ్జి ముందు ఆ మనిషి స్వయంగా ఒప్పుకోవాలి. చిన్నపిల్లలైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి.

అందుకని ఆ రైతు ఒక అంగీకారపత్రం తయారు చేయించాడు. పిల్ల యుక్తవయసుకి వచ్చిందనీ, తన ఇష్టపూర్వకంగానే లూసియానా వెళ్తోందనీ, ఎవరూ బలవంతపెట్టలేదనీ. అడుగున ఒక గుణకారం గుర్తు. పక్కన చిన్న అక్షరాల్లో 'ఆమె గుర్తు' అని.

టైపు చేసి, "అయింది," అన్నాను.

టీచరు తల పక్కకి తిప్పి నన్ను చూసింది. "పదమూడేళ్ల పిల్ల ఇష్టపడి వెళ్తోందట. నీకేమీ అనిపించలేదా?"

"ఇలాంటివి రోజూ టైపు చేస్తాను మేడమ్."

అది గొప్పగా చెప్పలేదు. మొండిగానూ చెప్పలేదు. నిజం అది. నా ఇష్టపూర్వకంగా సంతకం చేస్తున్నాను అన్న వాక్యం మా కంప్యూటర్లో సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లీషులో ఒకటి, అరబ్బీలో ఒకటి. ఒక మీట నొక్కితే వచ్చి కూర్చుంటుంది. ఆవిడ ఆ రోజు తొందరగా వెళ్లిపోయింది.

మూడోది తల్లి వాంగ్మూలం. అదే అన్నిటికన్నా పొడవు. పిల్లని తీసుకెళ్తారని తెలిసిన రోజు ఆమె చెప్పకుండా ఇల్లు వదిలి బయలుదేరింది. యజమాని చీటీ లేకుండా బయట కనబడితే జైల్లో వేస్తారు. అయినా పొలాలకి అడ్డంపడి ఒక పగలంతా నడిచి, బానిసత్వం పాపమని నమ్మే క్వేకర్ క్రైస్తవ శాఖకి చెందిన ఇంకో రైతు ఇంటికి చేరింది. ఆయన తన బండిలో పక్క జిల్లా జడ్జి దగ్గరికి తీసుకెళ్లాడు. జడ్జి ఆమె చెప్పింది రాయించాడు. ఆమెకి రాయడం రాదు కాబట్టి అంతా 'ఈమె చెప్పుచున్నది' అనే ఉంటుంది. ఈమె చెప్పుచున్నది, పిల్లకి ఇంకా పదమూడేళ్లే. ఈమె చెప్పుచున్నది, తన్ను ఎవరూ అడగలేదు.

ఆ చివరి మాట నాలుగు చోట్ల ఉంది. జడ్జి ఏం ప్రశ్న వేసినా ఆమె చివరికి అక్కడికే వచ్చినట్టుంది.

వాంగ్మూలం సగంలో ఉండగా, అక్టోబరులో, షట్టర్ కింద నుంచి ఇంకొక మనిషి వంగి లోపలికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. క్వారీ యూనిఫాం, బూట్ల నిండా తెల్లటి రాతిపొడి.

"అక్కా, మీరు తెలుగోళ్లే గదా? క్యాంపుల జెప్పిండ్రు."

"అవును తమ్ముడూ. ఇప్పుడు బ్రేకు, నాలుగింటికి రా."

"నాలుగింటికి రానియ్యరక్కా. నా మీద ఖల్లివెల్లి కేసు వెట్టిండ్రు."

కంపెనీ వదిలి పారిపోయినవాణ్ణి ఇక్కడ మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. ఆ కేసు పడితే ఎక్కడా పని దొరకదు, పోలీసులకి దొరికితే లోపల వేస్తారు.

కూర్చోమన్నాను. అతనిది నిర్మల్ దగ్గర పల్లె. కొండల కింద రాళ్ల క్వారీలో ఆరేళ్లుగా పని, కంపెనీ లేబర్ క్యాంపులో బస. భార్యకి గర్భసంచి ఆపరేషను చెయ్యాలన్నారు, సెలవు అడిగాడు. కంపెనీ తరఫున ఆఫీసులు తిరిగే మందూబ్ ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. సెలవు కాగితమే అనుకుని పెట్టాడు. ఇరవై రోజులైనా పాస్‌పోర్టు ఇవ్వలేదు.

"అడిగితే నువ్వు రిజైన్ జేసినవ్ అన్నరక్కా. నేనెప్పుడు జేసిన? నా పెండ్లామ్‌కి ఆపరేషనంటే నేను నౌకరి ఇడిసిపెడ్తనా? పాస్‌పోర్టు ఇచ్చేదాంక క్వారీకి రానన్న. క్యాంపుల్నే పండుకున్న. గట్లనే ఉంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, నేను ఉరికిపోయిన్నట. యాడికి ఉరికిన? పాస్‌పోర్టు ఆళ్ల కాడ్నే ఉండె!"

సంతకం పెట్టేముందు ఆ కాగితం ఫోటో తీసుకున్నాడు. పక్క మంచం మీద పడుకునే అన్న ఎవరో ఎప్పుడూ ఫోటో తీసుకోమని చెప్పాడట. ఫోను నా చేతికిచ్చాడు. పెద్దది చేసి చూశాను. ఇంగ్లీషూ, అరబ్బీ. నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం వదులుకుంటున్నాను. పేజీ అడుగున ఎడమవైపు రెండు చిన్న అక్షరాలు. మా సెంటర్లో ఎవరు టైపు చేశారో తెలియడానికి పెట్టుకునే గుర్తు అది.

ఆ గుర్తు నాది.

గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఆ కంపెనీ మందూబ్ మాకు పాత గిరాకీ. వారానికోసారి కట్ట తెస్తాడు, పది పదిహేను కాగితాలు. ఏ రోజు, ఏ కట్టలో అన్నది ఏమీ గుర్తుకు రాలేదు. ఇతని పేరు నా వేళ్ల మీంచి వెళ్లింది. అక్షరం తప్పు పోకుండా వెళ్లింది.

"ఏమంటున్నాడు?" అని టీచరు అడిగింది. అంతసేపూ మూల కుర్చీలో కదలకుండా ఉంది.

ఇంగ్లీషులో క్లుప్తంగా చెప్పాను. నా గుర్తు సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

"అతని పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?"

"కంపెనీ దగ్గర. అలా ఉంచుకోకూడదని చట్టముంది. ఉంచుకుంటారు." ఆగి, "మీ కాగితాల్లోలాగే, మేడమ్," అన్నాను.

"కాదు."

ఆవిడ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. అతను కూడా ఉలిక్కిపడి నా వైపు చూశాడు.

"కాదు," అని మళ్లీ అంది. "ఇతనికి తన ఊరు తెలుసు. తన భార్య ఏ ఆసుపత్రిలో ఉందో తెలుసు. ఇతని బిడ్డ ఇతని బిడ్డే. అన్నిటినీ ఒక మాటలో కలిపెయ్యకు. మావాళ్లకి జరిగింది దానికదే. ఇతనికి జరిగేది కూడా దానికదే, అది అన్యాయం కావడానికి మా కథ అరువు అక్కర్లేదు."

ఆవిడ చేతికర్ర పిడి తిప్పుతూ కూర్చుంది. తర్వాత మెత్తగా అంది.

"కంపెనీవాళ్లే రాసుకున్న కాగితం ఇంకేదైనా ఉందేమో అడుగు. ఆ పిల్ల యుక్తవయస్కురాలని రైతు రాయించాడు కదా. ఆ పిల్ల ఎప్పుడు పుట్టిందో జిల్లా రిజిస్టరులో రాయించింది కూడా అతనే. పదమూడేళ్ల కిందట తన కోసం రాయించుకున్నది. క్వేకర్ రైతు వెళ్లి ఆ పేజీ నకలు తెచ్చాడు. జడ్జి తల్లి మాట ఒక్కటే విని ఉంటే నమ్మేవాడో లేదో నాకు తెలియదు."

అతన్ని అడిగాను. పారిపోయాడని వాళ్లు చెప్పిన తేదీ తర్వాత క్యాంపులో ఉన్నట్టు ఏదైనా కాగితం ఉందా అని. ఆలోచించాడు. పర్సులోంచి నాలుగు మడతల చీటీ తీశాడు. జ్వరమొస్తే క్యాంపు క్లినిక్‌లో ఇచ్చిన మందుల చీటీ. కంపెనీ ముద్ర ఉంది. తేదీ, పారిపోయాడన్న రోజుకి రెండు రోజుల తర్వాతిది.

"గిది పనికొస్తదా అక్కా?"

"వస్తుంది."

లేబర్ ఆఫీసుకి ఫిర్యాదు టైపు చేశాను. అతను చెప్పింది తెలుగులో విని ఇంగ్లీషులోకి మార్చి, మళ్లీ తెలుగులో చదివి వినిపించాను. ప్రతి వాక్యానికీ "అవునక్కా, గంతే," అన్నాడు. చీటీ స్కాన్ చేసి జతచేశాను. చివర నా తరఫున రెండు వాక్యాలు చేర్చాను. ఆ రాజీనామా పత్రం టైపు చేసింది నేనే. టైపు చేసినప్పుడు ఈ మనిషి నా ఎదురుగా లేడు, అతనికి ఎవరూ చదివి వినిపించలేదు. కింద నా పేరు పూర్తిగా రాశాను.

అది ధైర్యం కాదు. ధైర్యమంటే ముందు భయముండాలి కదా. నాకు అప్పుడు భయం కూడా లేదు. పేజీ అడుగున రెండక్షరాలు ఉన్నాయి, అవి నావి, కాబట్టి రాశాను.

లేబర్ ఆఫీసు రెండు పక్షాలనీ పిలిచింది. తెలుగూ, హిందీ వచ్చిన మనిషి కావాలని అతనితో నన్ను కూడా రమ్మన్నారు. అధికారి ఇమారాతీ, ఈ దేశపు ఆడమనిషి, నా వయసే ఉంటుంది. అతన్ని హిందీలో ఒకటే అడిగింది, కాగితంలో ఏముందో తెలిసే సంతకం పెట్టావా అని. "నై మేడం. కిసీనే నై బతాయా," అన్నాడు, ఎవరూ చెప్పలేదని. మందూబ్ నా వైపు చూడకుండా, ఏదో పొరపాటు జరిగిందన్నాడు. క్లినిక్ చీటీ చూపించాక ఇంకేమీ అనలేదు. పారిపోయాడన్న కేసు వెనక్కి తీసుకున్నారు. వారంలో పాస్‌పోర్టు ఇచ్చారు. ఉద్యోగం మాత్రం పోయింది, రాజీనామా రాజీనామాగానే ఉంచి ఇంటికి పంపేశారు. అతను చేరేసరికి ఆపరేషను అయిపోయింది. భార్య బాగానే ఉందని ఊరి నుంచి ఒకసారి ఫోను చేసి చెప్పాడు. "మళ్ల దుబాయ్ రానక్కా," అన్నాడు. రెండేళ్ల తర్వాత సౌదీ వెళ్లాడని విన్నాను.

మా ముదీర్‌కి మందూబ్ ఫోను చేశాడు. ముదీర్ అరవలేదు. నా పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నాడు.

"నువ్వు రాసింది అబద్ధమని నేననను. కానీ ఆ కంపెనీ కాగితాలు ఇక మనకి రావు. నిన్ను ఇక్కడ ఉంచితే మిగతా మందూబులు కూడా రారు."

"వెళ్లిపోమంటారా?"

"ఉమ్ అల్ క్వైన్‌లో మా తమ్ముడి షాపుంది. జనవరి నుంచి అక్కడికి వెళ్లు. ఇక్కడ ఖలాస్."

సరేనన్నాను. సామాను తక్కువే.

డిసెంబరులో టీచరుకి వాంగ్మూలం పూర్తి చేసి ఇచ్చాను. దాని వెనక కాగితం ఒకటే పేజీ, జడ్జి తీర్పు. ఓడ కదలక ముందే పిల్లని దింపించారు. అంగీకారపత్రం చెల్లదన్నారు. తల్లి మాట నిజమన్నారు. ఆఖరి వాక్యం చదివి నేను ఆగాను. పిల్ల ఇరవై ఒకటి నిండేవరకు యథాప్రకారం ఆ రైతు దగ్గరే పని చెయ్యాలి.

"అదేమిటి? గెలిచింది కదా?"

"గెలిచింది."

"మళ్లీ అతని ఇంటికేనా?"

"అతని ఇంటికే. తల్లి కూడా అక్కడే. తన మీద జడ్జికి చెప్పిన మనిషితో ఆ రైతు ఆ ఎనిమిదేళ్లు ఎలా ఉన్నాడో ఏ కాగితంలోనూ లేదు." టీచరు ఫోల్డరు మూసింది. "నేను పాఠాల్లో దీన్ని విజయం అని చెప్పేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఇంట్లో మాత్రం మా అమ్మ ఎప్పుడూ ఆ మాట వాడలేదు. ఆమెని ఎవరూ అడగలేదు, ఆమె వెళ్లి చెప్పింది, అనేది. అంతవరకే."

నేను పక్క ఊరు ఉమ్ అల్ క్వైన్ వెళ్లాక ఆవిడ అక్కడికి కూడా వచ్చింది. ప్రయాణం దగ్గరపడింది, అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. ఇంకా రెండు కాగితాలు మిగిలాయి. ఒకటి పిల్లకి ఇరవై ఒకటి నిండాక జిల్లా గుమాస్తా ఇచ్చిన స్వేచ్ఛాపత్రం. స్వేచ్ఛగా ఉన్న మనిషని చూపించడానికి దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. అందులో ఎత్తు, రంగు, కుడిచేతి మీద కాలిన మచ్చ. ఆ మచ్చ ఎప్పటిదో ఎవరికీ తెలియదు.

రెండోది ఆ తర్వాత కొన్నేళ్లకి తీసిన జనాభా లెక్కల పేజీ. ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాస్తారు. మిగతావాళ్లకి పేర్లుండవు, వయసుని బట్టి గళ్లు, గళ్లలో అంకెలు. పెళ్లయిన ఆ పిల్ల ఇంట్లో, యాభై ఐదు దాటిన స్వేచ్ఛ గల నల్లజాతి స్త్రీలు అన్న గడిలో ఒకటి అంకె ఉంది. నిలువుగా ఒక గీత.

"అది ఆమే," అంది టీచరు. "ఎప్పుడు విడిచిపెట్టారో కాగితం దొరకలేదు. కానీ కూతురి ఇంటికి చేరింది. మా అమ్మ ఇది చూడకుండానే పోయింది. నేను దొరకబుచ్చుకున్నాను."

పేజీని దాదాపు చెవి దగ్గర పెట్టుకుని, పక్కచూపుతో ఆ గీతని వెతుకుతోంది. దొరకలేదు. నేను ఆవిడ వేలు పట్టుకుని ఆ గడి మీద పెట్టాను. కాగితం నున్నగా ఉంది, జిరాక్సు కదా, తడిమితే ఏమీ తెలియదు. అయినా వేలు అక్కడే ఉంచింది.

నేను పట్టిక గీసి గళ్లన్నీ నింపాను. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఎందుకో చెప్పలేను. ఏడుపు రాలేదు. లేచి నీళ్లు తాగి వచ్చి కూర్చున్నాను. ఒకటి కొట్టాను.

"ఆగావు," అంది టీచరు.

"అవును మేడమ్."

రెండు వేల ఇరవై రెండు మార్చిలో ఆవిడ వెళ్లిపోయింది. ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం వాయిస్ మెసేజ్ వచ్చింది. చూపు పూర్తిగా పోయిందట, మనవరాలు చదివి పెడుతోందట. అచ్చుకి ఇవ్వబోతుంటే రికార్డుల ఆఫీసులో ఎవరో ఒక సంగతి చెప్పారు. ఆ ఇంట్లో యాభై ఐదు దాటిన స్త్రీ పిల్ల అత్తగారు కూడా అయ్యుండొచ్చు. అత్తగారు అప్పటికి బతికే ఉందనడానికి చర్చి పుస్తకంలో ఆధారముందట. ఒక్క గీత, ఇద్దరు ఆడవాళ్లు. ఎవరో తేలదు. 'నన్నేం చెయ్యమంటావు?' అని అడిగింది. 'తీసెయ్యమంటావా? దాన్ని టైపు చేసింది నువ్వు.'

నన్నెవరైనా ఏదైనా అడిగి చాలాకాలమైంది. షాపులో గిరాకీ లేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, మెసేజ్ రెండుసార్లు విన్నాను. తర్వాత జవాబు రికార్డు చేశాను. తీసెయ్యవద్దని, ఆమే అని గట్టిగా రాయవద్దని, 'కావచ్చు' అన్న మాట ఒకటి చేర్చమని చెప్పాను. కింద అత్తగారి సంగతి కూడా రాయమన్నాను. ఆవిడకి కూడా ఇంకెక్కడా గడి ఉండకపోవచ్చు కదా.

అరగంటకి జవాబు వచ్చింది. ముందు కాసేపు నవ్వు వినిపించింది, తర్వాత మనవరాలికి చెప్తున్న మాటలు. పెన్సిలు తీసుకో, ఇద్దరి గురించీ రాద్దాం, అని.